మేమూ కాదు, మనమూ కాదు

రెండు దేశాల మధ్య ఆ సాయంత్రమే మొదలవ్వాల్సిన యుద్ధాన్ని స్టాంపు పిన్ని ఒక్క మాట కొట్టేసి ఆపేసింది. బాల్‌పెన్నుతో కొట్టేసింది. అప్పుడు మధ్యాహ్నం మూడున్నర. ఎడమచేతిలో టీ కప్పుంది. అందులోంచి ఒక్క చుక్క కూడా కింద పడలేదు.

యుద్ధం అన్నది కొంచెం పెద్ద మాటే. ఆ మాటకొస్తే దేశాలన్నదీ పెద్ద మాటే. ఒక దేశమంటే పొడుగుబల్లకి కిటికీ వైపు కూర్చున్న అయిదుగురు, రెండో దేశమంటే తలుపు వైపు కూర్చున్న అయిదుగురు. మధ్యలో నది ఉందే, అది జిరాక్సు కాగితం మీద నీలం పెన్సిల్‌తో గీసిన గీత. టీ కూడా రెండు చుక్కలు ఒలికే ఉంటుంది. కానీ కొట్టేసిన మాట మాత్రం నిజం. ఆ మాట దగ్గర పదిమంది చదువుకున్నవాళ్ళు గంటన్నరసేపు ముందుకీ వెనక్కీ కదలకుండా బిగుసుకుపోయిందీ నిజం.

స్టాంపు పిన్నిది పెద్ద పోస్టాఫీసు వెనకగదిలో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం. ఇరవయ్యారేళ్ళ సర్వీసు. ఆ గదికి కిటికీలు తక్కువ, గూళ్ళు ఎక్కువ. గోడ పొడవునా చెక్క గూళ్ళు, ఒక్కో గూటి మీద ఒక్కో ఊరి పేరు. ఆ పేర్లన్నీ పిన్ని చేత్తో రాసినవే, ఆవిడ అక్షరం అంత గుండ్రంగా ఉంటుంది. సంచి బోర్లిస్తే బల్ల మీద ఉత్తరాలు గుట్ట పడతాయి. ఎడమచేత్తో కట్ట పట్టుకుని బొటనవేలితో ఒక్కొక్కటీ ముందుకి తోస్తుంటే, కుడిచెయ్యి దాని పాటికి అది గూళ్ళలోకి విసిరేస్తూ ఉంటుంది. కన్ను చూస్తుంది, చెయ్యి వెళ్తుంది, మధ్యలో బుర్రకి పని లేదు. ఖాళీగా ఉన్న ఆ బుర్రే ఆవిడ కొంప ముంచింది.

ఒకరోజు పొద్దున్న పిట్టబొమ్మ స్టాంపున్న పరాయిదేశపు కవరొకటి చేతికొచ్చింది. అలాంటివి అప్పటికి లక్ష విసిరి ఉంటుంది. ఆ రోజు మాత్రం చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"సార్," అంది పక్కబల్ల సూపర్‌వైజరుతో. "ఈ స్టాంపు అమ్మింది వాళ్ళ పోస్టాఫీసు కదా. ఉత్తరం మోసుకెళ్ళి ఇచ్చేది మన పోస్ట్‌మేనా?"

"అవును."

"ఎందుకు మొయ్యాలి?"

"రూలు."

"ఎవరు పెట్టారండీ రూలు?"

"పైవాళ్ళు."

"పైవాళ్ళకెవరు చెప్పారు?"

సూపర్‌వైజరు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "పిన్నీ, సంచి ఇంకా సగముంది," అన్నాడు.

ఇంటికెళ్ళి మొగుణ్ణి అడిగింది. ఆయన కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు సానపట్టే మనిషి. ఏ ప్రశ్నకైనా ఒక అద్దం తుడిచేంతసేపు ఆలోచించి గానీ జవాబివ్వడు. "ఎవరో ఎక్కడో కూర్చుని ఒప్పుకునే ఉంటారులే," అన్నాడు.

"ఎవరు? ఎక్కడ కూర్చుని?"

"నన్నడిగితే ఏం చెప్పను? నేను మనుషుల చూపు సరిచేస్తాను గానీ దేశాలది కాదు."

ఆ వారంలోనే యూనివర్సిటీలోని అంతర్జాతీయ సంబంధాల శాఖకి రావాల్సిన ఉత్తరమొకటి పొరపాటున వేరే సంచిలో పడి పదిరోజులు ఊళ్ళు తిరిగొచ్చింది. పొరపాటు తమదే కాబట్టి డ్యూటీ దిగి తనే పట్టుకెళ్ళింది పిన్ని. మూడో అంతస్తు, చివరి గది. బల్ల వెనక నెరిసిన జుట్టు మేడమ్ ఒకావిడ కూర్చుని ఉంది. పిన్ని ఉత్తరం ఇచ్చింది, సంతకం తీసుకుంది, వెనక్కి తిరిగింది, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. పిట్టబొమ్మ స్టాంపు సంగతి అడిగేసింది.

మేడమ్ నవ్వలేదు. లేచి గోడ మీది ప్రపంచపటం దగ్గరికి వెళ్ళింది. ఆ పటం చెమ్మకి ఒక సముద్రం మొత్తం ఉబ్బిపోయి ఉంది.

"నూట యాభై ఏళ్ళ కిందట కొన్ని దేశాల వాళ్ళు ఒక గదిలో కూర్చున్నారు," అంది. "ప్రపంచం మొత్తాన్నీ ఉత్తరాల వరకూ ఒకే ఊరనుకుందాం అనుకున్నారు. మీ ఉత్తరం మేం చేరుస్తాం, మా ఉత్తరం మీరు చేర్చండి. మొదట్లో ఒకరికొకరు లెక్కలు చూసుకోవడం కూడా వద్దనుకున్నారు. ఎందుకో తెలుసా? ఉత్తరం రాసిన వాళ్ళకి జవాబొస్తుంది. ఇటునుంచి ఒకటి వెళ్తే అటునుంచి ఒకటి వస్తుంది. సరికి సరి."

"జవాబొస్తుందన్న నమ్మకం మీదా?"

"ఆ నమ్మకం మీదే."

"కొట్టుకున్న దేశాలు కూడానా మేడమ్?"

"కొట్టుకున్నప్పుడు ఆగేది. కొట్టుకోవడం అయ్యాక మళ్ళీ సంచులు కట్టేవాళ్ళు."

పిన్ని చేతిలోని సంతకం కాగితం వైపు చూసుకుంది. ఇరవయ్యారేళ్ళుగా తను విసిరిన ప్రతి కవరు వెనకా, మొహం తెలియని ఎవరో ఒక గదిలో కూర్చుని ఇచ్చిన మాట ఉంది. ఆ మాట ఇచ్చినవాళ్ళు పోయారు, వాళ్ళ పిల్లలూ పోయారు, కొన్ని దేశాలే పటంలోంచి పోయాయి. మాట మాత్రం ఉంది. పొద్దున్నే ఆరింటికి సంచిలోంచి బల్ల మీద గుట్టగా పడుతోంది.

"ఇది ఎవరికైనా నేర్పుతారా?" అని అడిగింది.

"ఈ శాఖ ఉన్నది అందుకే కదా," అంది మేడమ్. "డిగ్రీ ఉందా మీకు?"

ఉంది. పెళ్ళయ్యాక ప్రైవేటుగా కట్టి పాసైన డిగ్రీ పెట్టెలో అడుగున ఉంది. దాన్ని దులిపి పట్టుకెళ్ళి, నలభై తొమ్మిదేళ్ళ వయసులో ఎమ్మేలో చేరింది. పొద్దున ఆరు నుంచి ఒంటిగంట దాకా గూళ్ళు, రెండింటి నుంచి క్లాసులు.

ఇంట్లో అత్తగారికి ఈ చదువు పేరు బాగా నచ్చింది.

"సంబంధాలు చూడ్డానికి కూడా చదువుందా?" అంది. "మంచిదే. మీ ఆడపడుచు కూతురికి ముందొకటి చూడు."

"పెళ్ళి సంబంధాలు కాదత్తయ్యా, దేశాల సంబంధాలు."

"దేశాలకి పెళ్ళిళ్ళేంటే?"

"పెళ్ళిళ్ళు కావు. ఒకరితో ఒకరు ఎలా మెలగాలి, దేనికొప్పుకోవాలి, దేనికి ఒప్పుకోకూడదు, మాటిచ్చి తప్పితే ఏం చెయ్యాలి."

అత్తగారు కాసేపు ఆలోచించింది. "పెళ్ళి సంబంధాలే," అని తేల్చేసింది.

క్లాసులో పదిమంది. మిగతా తొమ్మిదిమందికీ పిన్ని కొడుకో కూతురో అయ్యే వయసు. వాళ్ళు గబగబా పేజీలు తిప్పే పుస్తకాల్ని పిన్ని పరాయిదేశపు కవరులా పట్టుకునేది, ముందు అటూ ఇటూ తిప్పి చూసి. విమానం సరిహద్దు దాటుతుంటే కిందున్న దేశం రాళ్ళు ఎందుకు వెయ్యదు, నడిసముద్రం ఎవరిది, ఓడ మునిగిపోతుంటే దగ్గరున్న ఓడ జెండా రంగు చూడకుండా ఎందుకు పరిగెత్తుకొస్తుంది, ఇవన్నీ చదివిన రోజుల్లో ఆవిడ బస్సు దిగాల్సిన చోట దిగడం మర్చిపోయేది. అన్నిటికీ జవాబు ఒకటే. ఎవరో కూర్చున్నారు. ఒప్పుకున్నారు. ఇంత పెద్ద భూగోళం ఇంత సన్నటి దారాల మీద వేలాడుతోందా అని ఆవిడకి భయమూ వేసేది, చేతులెత్తి దండం పెట్టాలనీ అనిపించేది.

అన్ని పేపర్లూ పాసయింది. ఒక్కటి తప్ప. దాన్ని చర్చల పరీక్ష అనేవారు. క్లాసుని రెండు దేశాలుగా చీల్చి, ఒక తగాదా ఇచ్చి, రెండు రోజుల్లో తేల్చుకుని ఉమ్మడి ప్రకటన రాసి సంతకాలు పెట్టమంటారు. మొదటిసారి పిన్ని అవతలివాళ్ళు అడగ్గానే సగం ఓడరేవు ఇచ్చేసింది. "అంత ముద్దుగా అడిగితే లేదని ఎలా అంటాను," అంది. సున్నా వేశారు. రెండోసారి ఆ భయంతో నోరే విప్పలేదు. ఒప్పందం కుదరలేదు, మళ్ళీ సున్నా. మూడోసారికి మించి రాయనివ్వరు. అందులోనూ పోతే రెండేళ్ళ చదువూ పోయినట్టే. ఆ ముక్క నోటీసుబోర్డు మీద ఎర్రసిరాతో రాసి ఉంది. పిన్ని రోజూ దాని ముందునుంచే క్లాసుకి వెళ్ళేది.

మూడోసారి తగాదా నది గురించి వచ్చింది. ఎగువదేశం ఆనకట్ట కట్టింది, దిగువదేశానికి నీళ్ళు తగ్గాయి. పిన్ని దిగువదేశం. ఎగువదేశానికి నాయకురాలు ఒక అమ్మాయి. వక్తృత్వపోటీల్లో కప్పులు గెలిచి గెలిచి, ఇంట్లో పెట్టడానికి చోటు లేక డిపార్టుమెంటులో పెట్టిందని చెప్పుకునేవారు. అందుకే ఆమెని అందరూ కప్పులపిల్ల అనేవారు. ప్రశ్నాపత్రం పైన షరతులున్నాయి. రెండో రోజు నాలుగింటిలోపు సంతకాలు కావాలి, లేకపోతే అందరికీ సున్నా. ప్రకటన రెండు దేశాల జనానికీ అర్థమయ్యే తెలుగులో ఉండాలి. ఇంకోటి, అది ఎవరో మూడో మనిషి చెప్పినట్టు ఉండకూడదు, దేశాలు తమ నోటితో తామే చెప్పుకున్నట్టు ఉండాలి.

ఒకటిన్నర రోజు బ్రహ్మాండంగా నడిచింది. పుస్తకాలన్నీ ఇంగ్లీషు కాబట్టి చర్చంతా ఇంగ్లీషులోనే నడిచింది, ముసాయిదా కూడా అందులోనే తయారైంది. ఈసారి పిన్ని నోరు విప్పింది, ఇవ్వాల్సింది ఇచ్చింది, ఇవ్వకూడనిది ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండో రోజు మధ్యాహ్నానికి ఒక్క వాక్యం దగ్గర అందరూ చేతులు కలిపారు. దాన్ని తెలుగులో రాసే పని పిన్నికి అప్పగించారు.

"అక్షరం గుండ్రంగా ఉంటుంది, నువ్వే రాయి పిన్నీ," అంది కప్పులపిల్లే.

రాసింది: "ఈ నదిని, దీని నీటిని మేము కలిసి కాపాడుకుంటాం."

కప్పులపిల్ల చదివింది. పెన్ను మూత పెట్టేసింది.

"మేము అంటే ఎవరు పిన్నీ?"

"అందరం."

"అందరం అయితే మనం అనాలి. రాసింది నువ్వు, నువ్వు దిగువదేశం. మేము అంటే మీరు. అంటే నది మీదా?"

పిన్ని కాగితం లాక్కుని చూసుకుంది. పోస్టాఫీసులో ఇన్నేళ్ళుగా ప్రతి ఫారం మీదా చూసే మాట అది. పోయిన పార్సిలుకి మేము బాధ్యులం కాము. చిరునామా లేని ఉత్తరాలకి మేము బాధ్యులం కాము. కాగితం మీద పెన్ను పెడితే చెయ్యి దానంతట అదే 'మేము' అని విసిరేసింది, ఎప్పటిలాగే బుర్రనడక్కుండా.

"పొరపాటే తల్లీ. మనం అని దిద్దుతాను."

కానీ కప్పులపిల్ల పక్కనున్న కుర్రాడు ఒప్పుకోలేదు. "మనం అంటే మా ఆనకట్ట మీద కూడా వాళ్ళ చెయ్యి ఉన్నట్టే. మేము అని ఉంచి, ముందు మేం సంతకం పెడతాం. అప్పుడు మేము అంటే మేమవుతాం."

"అప్పుడు మేమేమవుతాం?" అన్నారు తలుపు వైపు నుంచి ముగ్గురు ఒకేసారి.

అంతే. ఇంగ్లీషులో 'వుయ్' అనే దుప్పటి ఒకటుంది. దాని కింద ఎవరైనా పడుకోవచ్చు, పక్కన ఎవరు పడుకున్నారో చూసుకోనక్కర్లేదు. ఆ దుప్పటి కింద ఒకటిన్నర రోజు పదిమందీ హాయిగా నిద్రపోయారు. తెలుగు ఆ దుప్పటి లాగేసింది. ఎదుటివాణ్ణి కలుపుకుంటున్నావా లేదా, ముందది చెప్పమంది. చెప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఆనకట్ట గురించీ, కాలవల గురించీ తేలినవన్నీ మళ్ళీ బల్ల మీదికొచ్చాయి. మూడింటికల్లా ఒకరి మొహం ఒకరు చూడ్డం మానేశారు. కిటికీ వైపు వాళ్ళు కిటికీలోకి చూస్తున్నారు, తలుపు వైపు వాళ్ళు తలుపుకేసి చూస్తున్నారు.

పిన్ని వరండాలోకి వచ్చింది. తన చదువు పోతే పోయింది, తన చెయ్యి చేసిన పనికి ఈ పిల్లలందరికీ సున్నా. టీ తెచ్చుకుంది గానీ తాగలేదు. ఏం తోచక ఇంటికి ఫోన్ చేసింది.

ఇంట్లో కూడా పరిస్థితి అంతంతమాత్రమే. కిటికీ తెరవాలని అత్తగారు, మూయాలని మొగుడు. మూడు రోజుల నుంచి తల్లీకొడుకుల మధ్య మాటల్లేవు.

"తిన్నారా?" అంది.

"తిన్నాం," అన్నాడు మొగుడు.

"హమ్మయ్య. ఇద్దరూ కలిసి తిన్నారన్నమాట."

"ఇద్దరమా? నేనూ రేడియోనూ."

వెనకనుంచి అత్తగారు ఫోను లాక్కుంది. "తిన్నామమ్మా, తిన్నాం."

"ఆయనతోనా అత్తయ్యా?"

"వాడితో నాకేం పని? నేనూ పిల్లీ. మేం ముందే తినేశాం."

పిన్ని ఏదో అనబోయి ఆగిపోయింది. ఒకే ఇల్లు, ఒకే పూట, ఒకే మాట. ఆయన తిన్నాం అంటే ఒక అర్థం, ఆవిడ తిన్నాం అంటే ఇంకో అర్థం. ఇప్పుడు తను అడగబట్టి రేడియో అనీ పిల్లి అనీ బయటికొచ్చాయి. అడక్కపోతే ఇద్దరి మధ్యా ఆ మాట చక్కగా ఇమిడిపోయేది. మొదట వినగానే ఇద్దరూ కలిసే తిన్నారని తను నమ్మింది కూడా.

"ఏమే, ఉన్నావా?" అంటోంది అత్తగారు.

"ఉన్నామత్తయ్యా," అని ఫోను పెట్టేసింది పిన్ని.

కప్పు చేత్తోనే పట్టుకుని లోపలికొచ్చింది. కూర్చోలేదు. కాగితం ముందుకి లాక్కుని 'మేము' అన్న మాట మీద అడ్డంగా ఒక గీత గీసింది. దాని బదులు ఏమీ రాయలేదు. కాగితాన్ని బల్లకి అవతలివైపు తోసింది.

కప్పులపిల్ల పైకి చదివింది. "ఈ నదిని, దీని నీటిని కలిసి కాపాడుకుంటాం."

చదివి ఆగింది. మళ్ళీ చదివింది, ఈసారి మెల్లగా.

"ఎవరు?" అంది.

"ఎవరు చదివితే వాళ్ళు."

"మేమని చదువుకుంటే?"

"చదువుకోండి. కాపాడుకుంటాం."

"మీరు మనం అని చదువుకుంటే?"

"అప్పుడూ కాపాడుకుంటాం. చివరిమాట మారదు కదా తల్లీ. ఎటు చదివినా పని అదే."

కిటికీ వైపు కుర్రాడు పెదవులు కదుపుతూ మేము పెట్టి చూసుకున్నాడు, మనం పెట్టి చూసుకున్నాడు. కాగితం చేతులు మారింది. చదివిన ప్రతివాళ్ళూ, లోపల మనిషి ఉన్నాడో లేడో తెలియని గది తలుపు మూసినంత మెత్తగా దాన్ని బల్ల మీద పెట్టారు. మూడు యాభైకి పది సంతకాలూ పడ్డాయి. పిన్ని చివర సంతకం పెట్టి ఆ వాక్యంలో కొట్టేసిన చోటు చూసింది. వేలెడు కూడా లేదు. అందులో రెండు దేశాలు పట్టాయి, ఎవరి మోచెయ్యి ఎవరికీ తగలకుండా. నూట యాభై ఏళ్ళ కిందట ఆ గదిలో కూర్చున్నవాళ్ళు కూడా ఇలాగే ఎన్ని చోట్ల ఖాళీలు వదిలి ఉంటారో అనుకుంది. ఇన్నాళ్ళూ ఆవిడ వాళ్ళు రాసిన మాటలకే దండం పెట్టింది.

కానీ మార్కులు వెయ్యాల్సింది మేడమ్. నాలుగింటికి వచ్చి, కాగితం చదివి, కళ్ళద్దాలు తీసి, పిన్నిని ఒక్కదాన్నే తన గదికి పిలిచింది.

"ఈ వాక్యానికి కర్త ఏది?" అంది.

"లేదు మేడమ్."

"దేశాలు తమ నోటితో చెప్పాలని షరతు పెట్టాను. ఎవరు చెప్పారో తెలియని మాటకి మార్కులెలా వెయ్యను? ఇది తగాదా తీర్చడమా, తగాదాని చాప కిందికి తొయ్యడమా?"

ఎర్రసిరా నోటీసు పిన్ని కళ్ళ ముందు ఆడింది. పుస్తకంలో చదివినవన్నీ వెతుక్కుంటే ఒక్కటీ దొరకలేదు. దొరికింది గూళ్ళ గదే.

"మాకు పంపినవాళ్ళ పేరు లేని ఉత్తరాలు రోజూ వస్తాయండీ. పేరు లేదని ఒక్కటి కూడా ఆపం. చేరాల్సిన చోటు రాసుంటే చాలు, చేరుస్తాం. ఇందులో చేరాల్సిన చోటు రాశాం. నది. అది చేరాక పంపినవాళ్ళెవరని తీరిగ్గా కొట్టుకోవచ్చు. చేరకముందు కొట్టుకుంటే సంచి ఇక్కడే ఉండిపోతుంది."

మేడమ్ కాగితాన్ని వెలుతురుకి పెట్టి, కొట్టేసిన గీత వెనకనుంచి కనబడుతోందేమోనన్నట్టు చూసింది.

"ముప్ఫై ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను," అంది చివరికి. "కావాలని వదిలిన ఖాళీ గురించి. నా ఉదాహరణలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. నా భాష క్రియలోనే ఈ ఏర్పాటుందని నాకెప్పుడూ తట్టలేదు."

ఎర్రపెన్ను తీసి మార్కులు వేసింది. పిన్ని ఆ అంకె చూసుకోలేదు. చూస్తే కరిగిపోతుందేమోనని కాగితం బోర్లించి పట్టుకుని మెట్లు దిగింది. అంతకుముందు గదిలోంచి వస్తూ, మేడమ్ చూడకుండా, పటంలో ఉబ్బిన సముద్రాన్ని తడి ఉందేమోనని వేలితో ఒకసారి ముట్టుకుందట. అది చూసినవాళ్ళెవరూ లేరు కాబట్టి ఎంత నమ్మాలో అంతే నమ్మాలి.

పాసైన కబురు పోస్టాఫీసుకి పిన్నికంటే ముందే చేరింది. మర్నాడు ఆరింటికి వెనకగదిలో అందరూ బల్ల చుట్టూ మూగారు. సూపర్‌వైజరు స్వయంగా కుర్చీ జరిపాడు.

"ఒక్క గీతతో రెండు దేశాలకీ రాజీ కుదిర్చావటగా పిన్నీ. ఫోన్లో మీ అత్తగారు ఉపాయం చెప్పిందటగా."

పిన్ని సంచి ముడి విప్పుతూ తలెత్తలేదు.

"ఎవరు చెప్పారు?"

"యూనివర్సిటీ అంతా చెప్పుకుంటున్నారు."

"అంతా అబద్ధం," అంది. "నేను ఏ మాటా కొట్టెయ్యలేదు, మా అత్తయ్య ఏ ఉపాయమూ చెప్పలేదు. అసలు ఆ మధ్యాహ్నం నేను యూనివర్సిటీకే వెళ్ళలేదు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళాను," అంటూ పంపినవాళ్ళ పేరు లేని మొదటి కవరు గూట్లోకి విసిరేసింది.